గోలుకి ముందు

ముందుగా ఒక మాట. అక్షరాలు నా చేతికి వచ్చింది మనవలు పుట్టాక. ఒత్తులు తప్పిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక పేజీ నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, కోప్పడకండి. హేమలత సంగతి మా ఊళ్ళో అందరూ చెప్పుకుంటారు గాని కాగితం మీద ఎవరూ పెట్టలేదు. అందుకని నేను కూర్చున్నాను.

మిరియాల కంకులు కోసి ఒక రాత్రి గోనె కప్పి ఉంచితే, మర్నాడు కాలితో తొక్కగానే గింజ విడిపోతుంది. మడమ ఆనించకూడదు. పాదం ముందు భాగంతో అటూ ఇటూ దొర్లించాలి. మా ఉసిరిపుట్టులో ఆ పని తన కూతురు హేమలతంత నేర్పుగా ఎవరూ చెయ్యలేరని అచ్చియమ్మకి గర్వం. బెంగుళూరు ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు జీతమిచ్చి ఆ కాళ్ళని తీసుకెళ్ళారంటే తీసుకెళ్ళరా మరి, అనేది.

ఆ రోజు వాకిట్లో బరకం పరిచి ఇద్దరూ తొక్కుతున్నారు. హేమలత పాదాలు కదులుతున్నాయి గాని మనసు వాటిలో లేదు. కంకి మడమ కింద పడి గింజలు చితికాయి.

"ఏటే, గింజలు పిండి సేసేత్తన్నావు" అంది అచ్చియమ్మ. "కాలేటైనా నొప్పా?"

"నేదమ్మా."

"మళ్ళీ బెంగుళూరు ఎప్పుడెల్తావు?"

"సూద్దారి. పండగ ఎల్లనీ."

అచ్చియమ్మ ఇంకేమీ అడగలేదు. చేటలోకి గింజలు ఎత్తి చెరగసాగింది. పొల్లు గాలికి లేచి హేమలత మోకాళ్ళ మీద పడింది.

ఆఖరి మ్యాచ్ అయిపోయాక మేనేజరు ఆమెని నడవాలో ఆపి, వచ్చే ఏడాదికి ఒప్పందం కాగితం రాయడం లేదని చెప్పాడు. మంచివాడే, నొచ్చుకుంటూనే చెప్పాడు. మిడ్‌ఫీల్డర్లు చాలామంది ఉన్నారన్నాడు. సీజనంతా ఆడి ఒక్క గోలూ లేదు కదమ్మా అన్నాడు. హేమలత తలూపి, బూట్లు సంచిలో పెట్టుకుని రైలెక్కింది. ఇంట్లో చెప్పలేదు. కటక్ క్లబ్బు వాళ్ళు ఒక మిడ్‌ఫీల్డరు కోసం చూస్తున్నారని, ఆట వీడియో పంపిన వాళ్ళలోంచి ఎంచుకుంటారని తెలిసింది. ఆ చోటు కూడా దొరక్కపోతే ఈ ఏడాది ఆడడానికి ఎక్కడా లేదు. ఒక ఏడాది ఆగిపోయిన ఆటగత్తెని మళ్ళీ ఎవరూ పిలవరు. అది ఆమెకి బాగా తెలుసు.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరారు. వాళ్ళలో నీలవేణి ఆమెకి వదిన వరస, నోరు ఊరుకోదు.

"నువ్వు ఆడింది సూపించే. ఫోను దాసేసుకుంటావేటి, మేం బంతి లాగేసుకుంటామా?"

హేమలత ఫోనులో ఉన్నవి బిందుమాధవి గోల్స్ వీడియోలే. బిందుమాధవిది పార్వతీపురం వైపు ఊరు. అదే జట్టులో ముందు వరసలో ఆడుతుంది. జట్టుకి గోల్స్ అన్నీ దాదాపు ఆమే కొట్టింది. ఆమె అన్న వాటిని అందంగా కత్తిరించి, పాట పెట్టి, అందరికీ పంపాడు. హేమలత ఒక్కొక్కటీ చూపించింది. ప్రతి దాంట్లోనూ బంతి అప్పటికే బిందుమాధవి కాళ్ళ దగ్గర ఉంటుంది. ఆమె ఒకర్ని తప్పిస్తుంది, కొడుతుంది, వల ఊగుతుంది, అందరూ వచ్చి మీద పడతారు.

"ఈ గుంట బాగా కొడతంది" అంది నీలవేణి. "మరి నువ్వేవీ?"

హేమలత వెతికింది. ఒక దాంట్లో తెర అంచున తెల్ల మేజోడు ఒకటి కనిపించి మాయమైంది.

"అదిగో. నా కాలు."

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. "ఒక కాలికేనేటే బెంగుళూరోళ్ళు జీతం ఇచ్చింది?" అంది నీలవేణి. హేమలత కూడా నవ్వింది. నవ్వుతూనే లేచి, నీళ్ళ బిందె తీసుకుని ఊట దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ ఎవరూ లేరు. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె చూస్తూ కూర్చుంది.

పంపడానికి ఆమె దగ్గర వీడియో లేదు. మ్యాచ్‌లు మొత్తంగా రికార్డు అవుతాయి, నిజమే. కాని రెండు గంటల ఆటలో ఒక పిల్ల ఎక్కడెక్కడ ఏం చేసిందో వెతుక్కునే తీరిక ఏ కోచ్‌కి ఉంటుంది? బిందుమాధవిని అడగొచ్చు. వాళ్ళన్న దగ్గర అన్నీ ఉంటాయి. ఏమని అడగడం? నీ గోల్స్‌లో నన్ను కూడా చూపించమనా? ఆ మాట నోట్లోకి వచ్చినప్పుడల్లా అడుక్కుంటున్నట్టు అనిపించి మింగేసింది.

మర్నాడు ఇటుకల పండగ, విత్తనం చల్లే ముందు చేసే వేట పండగ. మగవాళ్ళు వేటకి కొండెక్కారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు కట్టి, వచ్చే బండినల్లా ఆపి, పాడి, ఆడి, పండగ పైసలు ఇచ్చాకే వదులుతున్నారు. మధ్యాహ్నానికి హుకుంపేట వైపు నుంచి ఒక ఆటో వచ్చింది. అందులోంచి బిందుమాధవి దిగింది. ఒక చేతిలో స్వీటు ప్యాకెట్టు, ఇంకో చేతిలో బూట్ల సంచి.

"హేమా! పండగకి రమ్మన్నావు కదే, వచ్చేసాను."

రమ్మన్నది నిరుడు. హేమలత మరిచిపోయింది, బిందుమాధవి మరిచిపోలేదు. హేమలత వెదురు దాటి వెళ్ళి ఆమెని గట్టిగా పట్టుకుంది.

నీలవేణి ఆమెని పైనుంచి కిందకి చూసింది. "ఓలమ్మ, ఫోన్లో గుంట! దీన్ని ఊరికే వదలొద్దు. పైసలొద్దు దీనికాడ. ఆట ఆడమను."

బిందుమాధవిని థింసా వరసలో నిలబెట్టారు. వెనక నుంచి చేతులు పెనవేసి లాక్కుపోయారు. ఆమె ముందుకి వెయ్యాల్సిన అడుగు వెనక్కి వేసి ఇద్దరి కాళ్ళు తొక్కింది.

"బంతిని తన్నడం వచ్చు గాని నేలని తన్నడం రాదు దీనికి" అన్నారు ఆడవాళ్ళు. బిందుమాధవి ఆయాసపడుతూ, నవ్వుతూ, మళ్ళీ వరసలో చేరింది. ఆడగా ఆడగా అడుగు పట్టుబడింది.

తర్వాత ఇద్దరూ ఊట దగ్గర కాళ్ళు కడుక్కున్నారు.

"కటక్ వాళ్ళు నన్ను తీసేసుకున్నారే" అంది బిందుమాధవి. "సంతకం అయిపోయింది. అక్కడ కోచ్ దేవీప్రసాద్ సారు. బరంపురం మనిషి, తెలుగు బాగా వచ్చు. మిడ్‌ఫీల్డుకి ఇంకా ఎవర్నీ ఖాయం చెయ్యలేదంట. నువ్వు వీడియో పంపేవా?"

"పంపుతాను."

"ఇంకా పంపనేదా? ఎల్లుండికల్లా తేల్చేస్తారంట. బేగి పంపవే. నువ్వు లేకపోతే నేను ఎవరితో ఆడతాను?"

ఆమె మనస్ఫూర్తిగానే అంది. తన వీడియోల్లో హేమలత లేదన్న సంగతి ఆమెకి తెలియదు. మనం ఉన్న ఫొటోలో మనల్నే కదా చూసుకుంటాం. హేమలత చెప్పబోయి, వంగి మడమకి అంటిన బురద రుద్దుకుంది.

ఇంతలో కొండవైపు నుంచి డప్పులు వినిపించాయి.

మా వేట సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు అడవిలో జంతువు లేదు, ఉన్నా ముట్టుకుంటే ఫారెస్టువాళ్ళు కేసు పెడతారు. అలాగని వేట చెయ్యకుండా విత్తనం చల్లకూడదు. అందుకని ఉసిరిపుట్టు వాళ్ళు ఒక ఉపాయం చేసుకున్నారు. తెల్లవారుతూనే ఒక బలిసిన నాటుకోడిపుంజుని కొండమీదకి పట్టుకెళ్ళి వదిలేస్తారు. అది తుప్పల్లో దూరాక ఊళ్ళో మగవాళ్ళంతా విల్లులూ డప్పులూ పట్టుకుని దాని వెనక పడతారు. కోడి కదా అని తేలిగ్గా అనుకోకండి. ఒక ఏడు అది దొరకనే లేదు. వట్టి చేతులతో దిగిన మగవాళ్ళకి ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్నానం చేయించారు.

ఈసారి దొరికింది. రవిబాబు అనే కుర్రాడు దాన్ని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఊపుకుంటూ వచ్చాడు. మెడలో పూలదండ కూడా వేసుకున్నాడు, ఎవరూ వెయ్యకుండానే.

ఊరి పెద్ద సర్వేశ్వరరావు అడ్డాకులు వరసగా పరిపించాడు. ఇంటికో ఆకు. కోడి ఒకటి, ఇళ్ళు చాలా. ఆకుకి బొటనవేలంత ముక్క వస్తే గొప్ప. ఆయన కత్తి చేతిలోకి తీసుకుని కూర్చున్నాడు గాని కొయ్యలేదు.

"సెప్పండి" అన్నాడు.

"నేను అలగ తుప్పల్లోకి దూకి..." అని రవిబాబు మొదలెట్టాడు.

"నువ్వాగరా!" అని అందరూ ఒక్కసారి అరిచారు. పట్టినవాడు ఆఖరున మాట్లాడాలి. అది మా ఊరి పద్ధతి. వేట మొత్తం మొదటినుంచి చెప్పాలి. అడుగు చూసిందెవరు, తోలిందెవరు, గండిలో నిలబడిందెవరు. అన్ని పేర్లూ వచ్చాకే కత్తి పడుతుంది.

ఫల్గుణ చెప్పాడు, తాను ఈకలు రాలి ఉండడం చూశానని. హేమలత తండ్రి చెప్పాడు, పై నుంచి డప్పు కొట్టి కిందకి తోలింది తానని. ఒక ముసలాయన దగ్గుతూ చెప్పాడు, తాను ఏమీ చెయ్యలేదని, కూర్చున్నానని, తాను కూర్చోబట్టే కోడి అటు రాక ఇటు తిరిగిందని. దానికీ అందరూ ఒప్పుకున్నారు. ఆఖరున రవిబాబు దూకడం చెప్పాడు. అప్పటికి చెప్పడానికి అతనికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

బిందుమాధవి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నీలవేణి ఆమె భుజం పొడిచింది.

"నువ్వూ ఏటగత్తెవే కదే. సెప్పు, నీ గోలు ఎలగ కొట్టినావో. నీకూ ఒక ఆకు ఏయించుతాం."

"చెప్పు, చెప్పు" అన్నారు అందరూ. సర్వేశ్వరరావు కత్తి మళ్ళీ పైకెత్తి పట్టుకున్నాడు.

బిందుమాధవి లేచి నిలబడింది. "ఏముంది తాతా. బంతి తీసుకున్నాను, ఒకర్ని తప్పించాను, కొట్టాను."

"నువ్వు రవిబాబులాగే సెప్పినావు" అన్నాడు సర్వేశ్వరరావు. "బంతి ఎక్కడనుంచి తీసుకున్నావు?"

"ముందుకొచ్చింది."

"దానంతటదే ఒచ్చేసిందా? బుద్ధిగల బంతి."

జనం నవ్వారు. హేమలత జనం వెనక్కి జరిగింది.

"హేమ ఇచ్చింది" అంది బిందుమాధవి.

"ఎలగ ఇచ్చింది? ఊరికే ఇచ్చేసిందా, తోలిందా?"

అది బిందుమాధవిని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఆమె వంగి నాలుగు రాళ్ళు ఏరింది. నేల మీద పెట్టి, ఒకటి జరిపి, మళ్ళీ వెనక్కి జరిపింది.

"ఇది హేమ. వాళ్ళ వాళ్ళు ఇద్దరు మీదకొచ్చారు. ఇది ఎడమకి పోతాదనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. ఇది అటు చూసి ఇటు ఇచ్చింది, ఇద్దరి సందులోంచి. నేను ఇంకా నిలబడే ఉన్నాను తాతా. బంతి వెళ్ళిపోతంటే దాని ఎనకాల పరిగెత్తాను. పరిగెత్తి చూస్తే ముందర ఎవరూ లేరు."

"అయితే బంతిని నువ్వు తోలనేదు. బంతే నిన్ను తోలింది" అన్నాడు ఫల్గుణ.

ఈసారి బిందుమాధవి నవ్వలేదు. "ఇంకోటి చెప్తాను" అంది. రాళ్ళు మార్చి పెట్టింది. అందులోనూ మొదట హేమలత రాయినే పెట్టాల్సి వచ్చింది. మూడోది మొదలెట్టింది. "వాన పడుతోంది ఆ రోజు. బంతి నీళ్ళలో ఆగిపోతోంది. హేమ నేల మీద ఇవ్వకుండా గాల్లోంచి..." అని ఆగిపోయింది. చేతిలో రాయి పట్టుకుని జనంలో హేమలత కోసం వెతికింది.

హేమలత అచ్చియమ్మ భుజం వెనక నిలబడి ఉంది. తాను చేసిన పనిని ఇంకొకరి నోట మొదటినుంచి చివరిదాకా వినడం ఆమెకి అదే మొదలు. ఆ ఇద్దరి సందూ, ఆ వానా, అన్నీ తనకి మాత్రమే తెలుసనుకుంది. బిందుకీ గుర్తున్నాయి. ఎవరో ఒకరు అడగాలి, అంతే. ఆమెకి సర్వేశ్వరరావు తాత కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

"మరి నువ్వు ఫోన్లో పెట్టిన దాంట్లో ఇదంతా ఉందా?" అంది నీలవేణి. "మాకైతే ఒక మేజోడే కనపడింది."

బిందుమాధవి ఫోను తీసి చూసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. కోడి రెక్కలు టపటపలాడించింది.

"నేదు తాతా" అంది చివరికి. "మా అన్న నా దగ్గర బంతి ఉన్న కాడినుంచే కోసాడు. నేను చూసుకోనేదు."

"తప్పేటి నేదమ్మా" అన్నాడు సర్వేశ్వరరావు. "మావోళ్ళూ మర్సిపోతారు. అందుకే నేను కత్తి పట్టుకుని అడుగుతాను." ఆమెకి ఒక ఆకు వేయించాడు. కత్తి దించాడు.

బిందుమాధవి ఆకు అందుకుని నీలవేణి చేతిలో పెట్టి, "పట్టుకో వదినా, తినెయ్యకు" అని, హేమలత చెయ్యి పట్టుకుని కొండమీద చర్చి వైపు లాక్కుపోయింది. చర్చి మెట్ల మీద మాత్రమే ఫోను పలుకుతుంది.

"అన్నా, గోల్స్ అన్నీ మళ్ళీ కొయ్యాలి. నావి కాదు, హేమవి. హేమ దగ్గరకి బంతి వచ్చిన కాడినుంచి... కాదు, ఇంకా ముందునుంచి. అది ఎటు చూసిందో కనపడాలి... పాటొద్దు. రేపటికి కావాలి... పెళ్ళిభోజనానికి వెళ్ళకపోతే ఏటవుద్ది, మనమేటి పెళ్ళికొడుకులమా?"

ఫోను పెట్టేసి మెట్టు మీద కూలబడింది. "నన్ను అడగొచ్చు కదే."

"ఎలగ అడగను?"

"నోటితో. మ్యాచ్‌లో 'బిందూ, పరిగెత్తు' అని అందరి ముందూ తిడతావు కదా. అలగే."

హేమలత నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. కిందకి దిగేసరికి ముక్కలు కాల్చి పంచడం అయిపోయింది, బిందుమాధవి ఆకులో మాత్రం ముక్క లేదు. నీలవేణి మూతి తుడుచుకుంటూ, కాకి ఎత్తుకుపోయిందంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ మళ్ళీ చర్చి మెట్లెక్కారు. అచ్చియమ్మ కూడా వచ్చింది, చేటలో మిరియాలు పెట్టుకుని, పుల్లలు ఏరుకుంటూ. వీడియో వచ్చింది. పాట లేదు. గాలి హోరు, ఎవరో అరుపులు, అంతే. అచ్చియమ్మ చేట పక్కన పెట్టి ఫోనుని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. తెర మధ్యలో ఆమె కూతురు ఉంది. బంతి ఇంకా దూరంగా ఉండగానే తల తిప్పి భుజం వెనక్కి చూస్తోంది. మళ్ళీ రెండో భుజం మీదుగా. బంతి వచ్చేసరికి ఆమె పాదం సిద్ధంగా ఉంది. మడమ ఆనించకుండా, ముందు పాదంతో దొర్లించి, పంపేసింది.

"అన్నిసార్లు ఎనక్కి సూత్తావేటే?"

"ఎవరెక్కడున్నారో సూసుకోవాలమ్మా. బంతి ఒచ్చాక సూత్తే టైముండదు."

అచ్చియమ్మ మళ్ళీ పెట్టించుకుంది. మళ్ళీ చూసింది. ఆమె పెదవులు ఏదో మొక్కుకుంటున్నట్టు కదిలాయి. మూడోసారి చూసి అడిగింది. "మరి నీకు ఎవులిచ్చినారు బంతి?"

ప్రతి ముక్కా మొదలయ్యేటప్పుడు తెర కింద మూల నుంచి ఒక కాలు బంతిని నేల మీదుగా, సరిగ్గా హేమలత కుడి పాదానికి పంపుతోంది. ప్రతి దాంట్లోనూ అదే కాలు. వాన పడిన రోజు కూడా.

"కనక" అంది హేమలత.

"ఏ కనక?"

"సింతూరు గుంట. ఎనక వరసలో ఆడతాది. శబరి ఒడ్డున వాళ్ళిల్లు. దాన్నీ ఒద్దన్నారు."

"దాన్నీ అంటే?"

హేమలత నాలుక కరుచుకుంది. బిందుమాధవి తల దించుకుంది. అచ్చియమ్మ చేట ఒళ్ళోకి తీసుకుని, పుల్ల ఒకటి ఏరి పారేసింది.

"నాకు తెలుసునే. మిరియాలు సితికినప్పుడే అనుకున్నాను. నువ్వు సెప్పినప్పుడు సెప్తావని ఊరుకున్నాను. పంపు ముందు, ఆ సారుకి."

పంపింది. వెళ్ళిందని ఫోను చెప్పాక కూడా హేమలత వేలు తెర మీదే ఉంది. కనకని వద్దన్నదీ అదే నడవాలో, అదే రోజు. హేమలత ఆమెకి ఒక్క ఫోనూ చెయ్యలేదు. తన బాధలో తాను రైలెక్కేసింది. కనక అక్కడ ఎవరితో చెప్పుకుందో, ఎవరికీ చెప్పుకోలేదో.

ఆ మరుసటి రోజు పొద్దున్నే ఆమె ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఉండగా దేవీప్రసాద్ సారు ఫోను చేశాడు. మాట నెమ్మదిగా ఉంది.

"హేమలతేనా? వీడియో చూశానమ్మా. మా వాళ్ళకీ చూపించాను. బంతి రాకముందు నువ్వు చూసే చూపు మాకు కావాలి. ఒక సీజనుకి కాగితం రాస్తాం. వస్తావా?"

"వస్తాను సార్" అంది. మళ్ళీ అంది. "వస్తాను సార్. మీకు చాలా... మీ మేలు మరిచిపోను సార్."

"మేలేముంది. ఆట నీది. సరే, వివరాలు పంపిస్తాను."

"సార్, ఒక్క మాట." ఆమె లేచి నిలబడింది. "ఆ వీడియోలో ఆట నా దగ్గర మొదలవలేదు సార్. మూల నుంచి ఒక కాలు బంతి ఇస్తాది. ఆ పిల్ల పేరు కనక. నేను ఎనక్కి తిరిగి చూసుకునే తీరిక నాకు ఉందంటే, బంతి ఎక్కడికొస్తాదో నేను చూడక్కర్లేదు కాబట్టి. అది నా పాదానికే వస్తాది. ఇంకో పది సెకన్లు ముందునుంచి కోసి పంపితే చూస్తారా?"

అనవసరంగా నోరు జారానా, తన చోటు కూడా పోతుందా అని ఆమెకి భయం వేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

"వెనక వరస దాదాపు నిండిపోయిందమ్మా" అన్నాడాయన. "మాట ఇవ్వలేను. పంపు, చూస్తాను. చూడకుండా మాత్రం ఉండను."

"అది చాలు సార్."

కింద అచ్చియమ్మ వాకిట్లో మిరియాలు ఎండబోస్తోంది. పరిగెత్తుకెళ్ళి చెప్పాలని కాళ్ళు లాగాయి. హేమలత ఒక మెట్టు దిగి ఆగింది. కిందకి దిగితే ఫోను పలకదు. వెనక్కి వచ్చి కూర్చుని చింతూరు నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది. పెట్టేద్దామా అనుకునేలోగా ఎవరో ఎత్తారు. వెనక నుంచి నది చప్పుడూ, బట్టలు బండకేసి కొడుతున్న చప్పుడూ వినిపించాయి.

"ఎవరు?" అంది అవతలి గొంతు.

"నేనే కనకా" అంది హేమలత. "నువ్వు ఏడాదంతా బంతి ఇచ్చినదాన్ని."

బట్టల చప్పుడు ఆగింది.

వంతల సోములమ్మ, వయసు అరవై నాలుగు. మాది హుకుంపేట మండలం ఉసిరిపుట్టు. ఇప్పుడు పాడేరులో కూతురి ఇంట్లో ఉంటున్నాను.